కుండ చల్లబడదు, పెరుగు తీగలు సాగుతుంది, పసుపు ఎర్రబడుతుంది: ఈ నెల మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎండలు, వంటింటి చుట్టూనే తిరిగాయి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది విశాఖపట్నం, బీచ్‌కి దగ్గర. అక్కావాళ్లది రామగుండం. ఇద్దరం ఒకే చోట పది లీటర్ల మట్టికుండలు కొన్నాం. అక్క కుండలో నీళ్లు జిల్లుమంటున్నాయి, మా కుండలోవి మామూలుగానే ఉంటున్నాయి. మట్టిలో తేడా ఉందంటారా?

మట్టి మంచిదేనమ్మా, తేడా మీ ఊరి గాలిలో ఉంది. కుండ గోడలోని సన్నటి రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది. ఆ ఆవిరికి కావలసిన వేడిలో చాలా భాగం లోపలి నీటినుంచే పోతుంది. లెక్క చూడండి: 100 మిల్లీలీటర్ల నీరు ఆవిరి కావాలంటే సుమారు 240 కిలోజౌళ్ల వేడి కావాలి. పది లీటర్ల నీరు ఒక్క డిగ్రీ చల్లబడాలంటే 42 కిలోజౌళ్లు పోవాలి. అంటే ఒక చిన్న గ్లాసుడు నీరు ఆవిరైతే కుండ మొత్తం అయిదారు డిగ్రీలు దిగగలదు. బయటి గాలి వేడి కూడా కుండలోకి చేరుతూ ఉంటుంది కనుక నిజంగా దిగేది అంతకంటే కొంచెం తక్కువే.

అయితే ఇది ఎంతవరకైనా దిగుతూ పోదు. తడిగా ఉన్న వస్తువు ఆ గాలిలో ఎంతవరకు చల్లబడగలదో దాన్ని తడిబల్బు ఉష్ణోగ్రత అంటారు. రామగుండంలో 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం అది సుమారు 24 డిగ్రీలు. విశాఖలో 34 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రోజు అది 30 డిగ్రీలు. ఎండ ఎక్కువున్న ఊళ్లోనే కుండ నీళ్లు ఎక్కువ చల్లగా ఉండటం వింతగా అనిపిస్తుంది గానీ, మీ ఇంటి గాలి ముందే తేమతో నిండి ఉంది, ఇంకా ఆవిరిని తీసుకునే చోటు దానిలో లేదు. కుండను ఎన్నిసార్లు మార్చినా 30కి కిందికి దిగదు.

కావాలంటే మీరే కొలవవచ్చు. గది ఉష్ణోగ్రత చూసే మామూలు థర్మామీటర్ బల్బుకి తడిపిన నూలు గుడ్డ చుట్టి, ఫ్యాను ఎదురుగా అయిదు నిమిషాలు పట్టుకోండి. అది ఎక్కడ ఆగుతుందో మీ కుండ అంతకు మించి చల్లబడదు. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ పనికిరాదు, అది 32 డిగ్రీల కిందికి చాలావరకు చూపించదు.

ఇక పొడి ఊళ్లలో ఉండి కూడా కుండ చల్లబడలేదని రాసినవాళ్లకు. మొదట కుండకు రంగు, వార్నిష్ ఉందేమో చూడండి. అందంగా ఉంటుంది, రంధ్రాలన్నీ మూసేస్తుంది. రెండోది బోరు నీళ్లు: నాలుగు నెలలు వాడేసరికి బయట తెల్లటి పొర కడుతుంది. నీరు ఆవిరైపోయి అందులోని సున్నపు లవణాలు రంధ్రాల్లో మిగిలిపోవడం వల్ల వచ్చిన పొర అది. నీళ్లు పారబోసి, నిమ్మరసం పిండిన నీళ్లు ఆ పొర మీద పోసి అరగంట ఉంచి, కొబ్బరి పీచుతో రుద్దండి. సబ్బు మాత్రం వద్దు, మట్టి దాన్ని పీల్చుకుని వారంపాటు నీళ్లలోకి వదులుతుంది. మూడోది కుండ పెట్టే చోటు. గోడ మూలలో, పొయ్యి పక్కన కాకుండా కిటికీ దగ్గర, నాలుగు వైపులా గాలి తగిలేలా ఇనుప స్టాండు మీద పెట్టాలి. చుట్టూ తడిగుడ్డ కడితే ఆవిరయ్యే ఉపరితలం పెరుగుతుంది.

తలుపులన్నీ బిగించి కూలర్ వేసుకుని "ఉక్కగా ఉంది" అని రాసిన పాఠకుడికీ ఇదే జవాబు. కూలర్ గదిలోకి తేమ పోస్తూనే ఉంటుంది. ఎదురుగా ఒక కిటికీ తెరవకపోతే గంటలో మీ గది విశాఖ అయిపోతుంది.

ప్రశ్న: ఫ్రిజ్ తలుపు తీసి ఉంచితే గది చల్లబడుతుందా? మా అబ్బాయి పందెం కాశాడు.

మీ అబ్బాయి చల్లబడుతుందని కాసి ఉంటే ఓడిపోయాడు. ఫ్రిజ్ లోపలి వేడిని తీసి వెనకవైపు గదిలోకే వదులుతుంది, దానికి తోడు కంప్రెసర్ తాగిన కరెంటు కూడా వేడిగా మారి అదే గదిలో చేరుతుంది. ముందు నిల్చున్నవాడి మొహానికి చల్లగాలి, గదికి మాత్రం నికరంగా వేడి. ఏసీ ఎందుకు పనిచేస్తుందంటే దాని వేడి వదిలే పెట్టె గోడ అవతల ఉంటుంది కాబట్టి.

ప్రశ్న: పెరుగు గరిటెతో తీస్తే తీగలు సాగుతోంది. తోడు మార్చినా వారం రోజులకు మళ్లీ అంతే. ఎండాకాలంలో పొద్దున్నకల్లా పుల్లబడుతుంది, చలికాలంలో తోడుకోదు. పాలవాడిని మార్చాలా?

పాలవాడిని వదిలేయండి. పెరుగు గొడవల్లో చాలావాటికి కారణాలు రెండే: తోడు వేసినప్పటి వేడి, ఆ తర్వాత ఉంచిన గంటలు.

తోడులో ఉండే బ్యాక్టీరియా పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. పాల పీహెచ్ (పులుపును చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.6, 6.7 దగ్గర మొదలై కిందికి దిగుతూ 4.6 దరిదాపుల్లోకి వచ్చేసరికి కేసిన్ అనే ప్రొటీన్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని వలలా అల్లుకుంటాయి. ఆ వలలో నీరు చిక్కుకుంటే అదే పెరుగు. కదిలిస్తే వల తెగుతుంది, నీరు తేలుతుంది. తోడు వేసిన గిన్నెను మధ్యలో ఎత్తి వంచి చూడొద్దని పెద్దవాళ్లు అరిచేది ఇందుకే.

గట్టిగా రావాలంటే: అరలీటరు పాలు పొంగు వచ్చాక దించెయ్యకుండా సిమ్‌లో పెట్టి, కలుపుతూ పది నిమిషాలు కాగనివ్వండి. ఈ వేడికి పాలలోని ఇతర ప్రొటీన్లు విచ్చుకుని కేసిన్‌కి అతుక్కుంటాయి, వల చిక్కనవుతుంది. ఒక్క పొంగుతో దించిన పాల పెరుగు పలచగా ఉండటానికి కారణం ఈ పది నిమిషాలే. తర్వాత 40, 42 డిగ్రీలకు చల్లార్చండి. థర్మామీటర్ లేకపోతే మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకోండి: చురుక్కుమనకూడదు, వెచ్చగా తెలియాలి. 50 దాటి ఉన్నప్పుడు తోడు వేస్తే బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది, తెల్లారి చూస్తే పాలు పాలలాగే ఉంటాయి.

తోడు ఎంత అన్నది కాలాన్ని బట్టి. చలికాలంలో అరలీటరుకు ఒక టీస్పూను, పాలు 42 డిగ్రీలకు తగ్గకుండా ఉన్నప్పుడే కలిపి, గిన్నెను దుప్పటిలో చుట్టో, హాట్‌ప్యాక్‌లో పెట్టో ఎనిమిది గంటలు ఉంచాలి. ఎండాకాలంలో అర టీస్పూను చాలు, నాలుగయిదు గంటల్లో తోడుకుంటుంది. రాత్రి తొమ్మిదికి వేసి పొద్దున ఆరుకు తీస్తే తొమ్మిది గంటలు, అదీ 33 డిగ్రీల వంటింట్లో. బ్యాక్టీరియా తన పని అయిపోయిందని ఆగదు, ఆమ్లం చేస్తూనే ఉంటుంది. పగలు తోడు వేసి, గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టడమే మందు.

ఇప్పుడు తీగల సంగతి. కొన్ని రకాల లాక్టిక్ బ్యాక్టీరియా చక్కెర అణువుల పొడవాటి గొలుసులు తయారుచేస్తాయి. ఆ జిగురే తీగలు సాగేది. అది విషం కాదు, నోటికే హితవుగా ఉండదు. పాలు గోరువెచ్చగా కూడా లేనప్పుడు తోడు వేసి ఎక్కువసేపు ఉంచితే ఈ రకాలదే పైచేయి. మీరు తోడు మార్చారు సరే, గిన్నె మార్చారా? అంచుల్లో, మూత గాడిలో పాతది ఉండిపోతే వారానికి మళ్లీ అదే తయారవుతుంది. గిన్నె, మూత, స్పూను మూడింటినీ తోమి, వాటి మీద సలసల మరిగే నీళ్లు పోయండి. తీగలు లేని ఇంటినుంచి తోడు తెచ్చుకోండి. 42 డిగ్రీల దగ్గర వేసి అయిదు గంటలకు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటి తోడుకి పైమీగడ కాకుండా మధ్యలోంచి తియ్యండి. గులాబీ, పచ్చ మచ్చలు కనిపించినా, బుడగలు వచ్చి వాసన తేడాగా ఉన్నా మాత్రం రుచి చూడకుండా పారబొయ్యండి.

ఎండుమిరపకాయ ముచ్చికలు వేస్తే తోడుకుంటుందా అని కూడా అడిగారు. ముచ్చిక మీద సహజంగా ఉండే బ్యాక్టీరియా వల్ల తోడుకోవచ్చు. మొదటిసారి పలచగా వస్తుంది, దాన్ని తోడుగా వాడితే తర్వాతది మెరుగవుతుంది. అయితే ఆ ముచ్చిక మీద ఏ రకం ఉందో మన చేతిలో లేదు. పక్కింట్లో తోడు దొరకని రోజుకి అట్టిపెట్టుకోండి.

ప్రశ్న: మామిడిపళ్లు పైకి బంగారంలా ఉన్నాయి, కోస్తే పుల్లగా, టెంక దగ్గర తెల్లగా ఉన్నాయి. కార్బైడ్ వేశారని ఎలా తెలుసుకోవాలి? కాయలు తెచ్చుకుని ఇంట్లో మగ్గబెట్టడం ఎలా?

చూసి, వాసన పట్టి కార్బైడ్ అని తేల్చే నమ్మకమైన ఇంటి పరీక్ష లేదు. పైన పసుపు, లోపల పులుపు అన్నదానికి అర్థం మొదట ఒకటే: ముదరని కాయను కోసేశారు. లేత కాయకు తోలు రంగు మార్చవచ్చు గానీ, లోపల తీపిగా మారాల్సిన పిండిపదార్థమే సరిపడా చేరలేదు.

కాయ పండవడానికి పిలుపు ఎథిలీన్ అనే వాయువు, దాన్ని కాయే తయారుచేసుకుంటుంది. కాల్షియం కార్బైడ్ రాయికి తేమ తగిలితే అసిటిలీన్ వస్తుంది. అది ఎథిలీన్‌లా నటిస్తుంది, అయితే దానికంటే చాలా బలహీనం. అసలు భయం అసిటిలీన్ గురించి కాదు, ఆ రాయిలో ఉండే ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాల గురించి. అందుకే మన దేశంలో దానితో పళ్లు మగ్గబెట్టడం నిషిద్ధం. గదిలో 100 పీపీఎం వరకు, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 100 పాళ్లు, ఎథిలీన్ వాయువు వాడటానికి మాత్రం అనుమతి ఉంది. కాయ చేసుకునే వాయువే కనుక దానికి బెదరక్కర్లేదు.

ఇంట్లో అయితే కాయలను బకెట్ నీళ్లలో వెయ్యండి. ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. ముదురు కాయకు తొడిమ పక్కన భుజాలు పైకి లేచి, తొడిమ గుంటలో కూర్చున్నట్టు ఉంటుంది. తేలినవి పచ్చడికి పెట్టుకోండి. మునిగినవాటి సొన కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వరిగడ్డి పరిచి ఒకే వరసలో, తొడిమ కిందికి ఉండేలా సర్దండి. పైన మళ్లీ గడ్డి. గడ్డి లేకపోతే అట్టపెట్టె, కాగితాలు చాలు. పండిన అరటిపండు ఒకటి లోపల పెడితే దాని ఎథిలీన్ పని తొందర చేస్తుంది. అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. రోజూ ఒకసారి తెరిచి మెత్తబడ్డవి తీసెయ్యాలి, లేకపోతే ఒకటి కుళ్లి పక్కవాటికి అంటిస్తుంది. పెట్టె గాలి ఆడకుండా ప్లాస్టిక్‌తో బిగిస్తే లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ఆ చలికి తోలు నల్లబడి ఇక సరిగ్గా మగ్గదు. పండాక పెట్టుకోండి.

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందన్నారు. బాగా మరగబెట్టి వడగట్టి తాగితే పోతుందా?

పోదు, పెరుగుతుంది. మరిగిస్తే ఆవిరయ్యేది నీరు మాత్రమే. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న పది లీటర్లు మరిగి తొమ్మిది లీటర్లయితే అది లీటరుకు 1.67 అవుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఓర్చుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతున్నాయి. మరిగించడం రోగకారక క్రిములకు మందు. గిన్నె అడుగున తెల్లటి పొడి దిగడం చూసి ఫ్లోరైడ్ దిగిందనుకుంటారు, అది సున్నపు కఠినత్వం.

క్యాండిల్ ఫిల్టర్, కుండ, యూవీ దీపం కూడా ఫ్లోరైడ్‌ను ఆపలేవు. ఆర్వో ఆపుతుంది. యాక్టివేటెడ్ అల్యూమినా గుళికల ఫిల్టర్ ఆపుతుంది గానీ, గుళికలు నిండాక శుద్ధి చేయించకపోతే నీరు వచ్చినట్టే వచ్చి ఫ్లోరైడ్ కూడా వచ్చేస్తుంది, రుచిలో తేడా తెలియదు. మూడోది తెలంగాణలోని నల్గొండ జిల్లా పేరుతోనే ఉన్న నల్గొండ పద్ధతి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించింది. నీటిలో కాస్త సున్నం, తగినంత పటిక కలిపి నెమ్మదిగా తిప్పితే దూదిపింజల్లాంటి తెట్టు కడుతుంది, ఫ్లోరైడ్ దానికి అంటుకుని అడుగుకి దిగుతుంది, పైనీరు వంచుకుంటారు. పటిక ఎంతన్నది మీ నీటి ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి మారుతుంది. చేతి అంచనాతో వేస్తే తక్కువైతే ఫ్లోరైడ్, ఎక్కువైతే అల్యూమినియం నీటిలో మిగులుతాయి. కాబట్టి ముందు గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

ఒక పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతుంది: తాగడానికి క్యాన్ నీళ్లు, అన్నానికీ పప్పుకీ బోరు నీళ్లు. ఉడికేటప్పుడు నీరు ఇగిరి ఫ్లోరైడ్ అంతా అన్నంలోనే ఉంటుంది. నది నీరు కుళాయిలో వస్తుంటే వంటకి కూడా అదే వాడండి, ముఖ్యంగా ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో. పంటి మీద మచ్చలు పడేది శాశ్వత దంతాలు చిగురు లోపల తయారయ్యే ఆ వయసులోనే.

ప్రశ్న: మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో ఉందో చెప్పవచ్చంటారు. ఎలా?

మెరుపు కనిపించడానికి పట్టే సమయం లెక్కలోకి రాదు. శబ్దం 30 డిగ్రీల గాలిలో సెకనుకు సుమారు 350 మీటర్లు వెళ్తుంది, అంటే కిలోమీటరుకు దాదాపు మూడు సెకన్లు. మెరిసినప్పటినుంచి తొమ్మిది లెక్కపెట్టేసరికి ఉరిమితే మూడు కిలోమీటర్లు. 30 లోపు ఉరిమితే పొలంలో ఉండకూడదు, చివరి ఉరుము తర్వాత అరగంట వరకు బయటికి రాకూడదు. ఈ లెక్క జరిగిపోయిన పిడుగుది, రాబోయేదానిది కాదు. తర్వాతది మీ గట్టు మీదే పడవచ్చు.

చెట్టు కింద, పాక కింద, ట్రాక్టర్ మీద వద్దు. పక్కా ఇల్లు, అద్దాలు ఎత్తిన కారు మంచివి. జేబులోని సెల్‌ఫోన్ పిడుగును పిలవదు. ఛార్జింగ్ వైరుకి తగిలించి మాట్లాడటం ప్రమాదం. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ మీ చుట్టుపక్కల పిడుగుల జాడ చూపిస్తుంది. పిడుగు తగిలినవాళ్లను ముట్టుకుంటే షాక్ కొడుతుందన్నది అబద్ధం, ఒంట్లో కరెంటు మిగలదు. ఊపిరి ఆడకపోతే 108కి చెప్పి, వెంటనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కుతూ ఉండండి.

ప్రశ్న: తెల్లచొక్కా మీద సాంబారు మరకకి సబ్బు రాస్తే ఎర్రబడింది. సబ్బులో ఏముంది?

సబ్బులో క్షారం ఉంది, సాంబారులో పసుపు ఉంది. పసుపులోని కర్క్యుమిన్ ఆమ్లంలో పసుపుపచ్చగా, క్షారంలో ఎర్రగా ఉంటుంది. మీ ఇంట్లో పెళ్లికూతురి కాళ్లకు పెట్టే పారాణి ఇదే: పసుపులో సున్నం. పారాణి మీద నిమ్మరసం పిండితే మళ్లీ పసుపవుతుంది. వెలిగారం, నిమ్మరసం వేసి చేసిన సంప్రదాయ కుంకుమ మాత్రం పులుపు తగిలినా ఎర్రగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఎరుపు వచ్చింది క్షారం వల్ల కాదు, వెలిగారంలోని బోరాన్‌తో కర్క్యుమిన్ కలవడం వల్ల.

పిల్లల ప్రాజెక్టుకి: టీస్పూను పసుపు నాలుగు టీస్పూన్ల సర్జికల్ స్పిరిట్‌లో కలిపి, పొయ్యికి దూరంగా పది నిమిషాలు ఉంచి, పైన తేరిన ద్రవంలో బ్లాటింగ్ కాగితం ముంచి నీడలో ఆరబెట్టండి. నీళ్లతో చేస్తే రంగు పల్చగా వస్తుంది, కర్క్యుమిన్ నీటిలో సరిగా కరగదు. సున్నపుతేట, బట్టలసోడా కాగితాన్ని ఇటుక ఎరుపు చేస్తాయి. వంటసోడా చాలా బలహీనమైన క్షారం, దానికి మారీ మారనట్టు ఉంటే మీ కాగితం తప్పు కాదు.

మరకకి ముందు గిన్నెలు తోమే లిక్విడ్ రాసి నూనె వదిలించి, జాడించి, మరక పైకి ఉండేలా నేరుగా ఎండలో ఆరెయ్యండి. కర్క్యుమిన్‌ను వెలుగు విరిచేస్తుంది, రెండు మూడు ఎండలకు మరక పోతుంది. పట్టుచీరకి ఈ ఉపాయం వద్దు, ఎండకి చీర రంగే ముందు పోతుంది.